క్రొయేషియా దీవుల మధ్య వారం రోజుల తెరచాప ప్రయాణం: నెల్లూరు నుంచి వెళ్లే కుటుంబానికి ప్లాను

అన్నా, ముందు మీరడిగింది ఒకసారి చెప్పుకుందాం. నెల్లూరు నుంచి మీరు, ఒంగోలు నుంచి మీ బావగారి కుటుంబం, మొత్తం ఎనిమిది మంది. అందులో అరవై దాటిన పెద్దవాళ్లు ఇద్దరు, పదేళ్లలోపు పిల్లలు ఇద్దరు. క్రొయేషియా దీవుల మధ్య వారం రోజులు తెరచాప పడవ అద్దెకు తీసుకుని తిరగాలని ఉంది. ఏ నెలలో వెళ్లాలి, ఎంత పడవ కావాలి, మనమే నడపొచ్చా, తిండి ఎలా, ఎంతవుతుంది అన్నవి ప్రశ్నలు. మీరు రాసుకున్న ప్లానులో క్రొయేషియా రేవు పట్టణం స్ప్లిట్‌లో బయలుదేరి, దక్షిణాన ఉన్న దుబ్రోవ్నిక్ చూసి, మళ్లీ స్ప్లిట్‌కే రావాలని ఉంది.

ఆ ప్లాను మానుకోండి. పోను రాను కలిపి 200 నాటికల్ మైళ్లకు (ఒక్కోటి సుమారు 1.85 కిలోమీటర్లు, కింద మైళ్లంటే ఇవే) పైనే. పడవ మీ చేతికొచ్చేది శనివారం సాయంత్రం, తిరిగి రేవులో ఉండాల్సింది శుక్రవారం సాయంత్రం. మధ్యలో ఆరు పగళ్లు. అంటే రోజుకు 35 మైళ్లు. తెరచాప పడవ గంటకు 5 నుంచి 6 మైళ్లు పోతుంది, కాబట్టి రోజూ ఆరేడు గంటలు నీళ్ల మీదే గడుస్తుంది. ఒక్కరోజు గాలి ఎదురైతే లెక్క మొత్తం తప్పుతుంది. ఆ తర్వాత గాలితో పనిలేకుండా ఇంజను వేసుకుని పరిగెత్తడమే మిగులుతుంది. పెద్దవాళ్లూ పిల్లలూ ఉన్న పడవకు రోజుకు 12 నుంచి 18 మైళ్లు చాలు. మూడు గంటల ప్రయాణం, మిగతా పూట ఈత, తిండి, ఊళ్లో నడక. దుబ్రోవ్నిక్ చూడాలనుంటే పడవ అప్పగించాక బస్సులో వెళ్లి రండి.

ఇంకోటి. పగలు ఏమేం చూడాలో రాసుకుంటూ పోతే ప్లాను కుదరదు. ఏ రాత్రి పడవ ఎక్కడ కట్టాలన్నదే అసలు ప్లాను. ప్రతి రాత్రికీ రెండు చోట్లు రాసుకోవాలి: ఒకటి వాయవ్యపు గాలికి పనికొచ్చేది, ఇంకోటి గాలి మారితే దూరిపోవడానికి. మిగతా విషయాలన్నీ దీనికి లోబడే ఉంటాయి.

మనవాళ్లకు ఇది కొత్తగా అనిపించడానికి కారణం ఉంది. కొత్తపట్నం నుంచి కృష్ణపట్నం దాకా మన తీరం గీత గీసినట్టుంటుంది. దీవులు లేవు, కొండల చాటు లేదు, ఒడ్డు దగ్గర అలలు విరిగే చోటు దాటితే అంతా బహిరంగ సముద్రం. మనకు తెలిసిన దీవులంటే పులికాట్‌లో వేనాడు, ఇరకం. అక్కడ నీళ్లు మనిషి లోతు కూడా ఉండని చోట్లే ఎక్కువ. మీరు తిరగబోయే క్రొయేషియా తీరం, దల్మేషియా అంటారు, దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. క్రొయేషియా మొత్తానికి వెయ్యికి పైగా దీవులూ రాళ్లూ, ఒకదాని చాటున ఒకటి. ఆటుపోట్ల తేడా అడుగుకు అటూ ఇటూ, కాబట్టి దాని గురించి బెంగ లేదు. కానీ ఒడ్డు రాయి పక్కనే లోతు 15, 20 మీటర్లు ఉంటుంది. లంగరు వేసేటప్పుడు ఇదే ఇబ్బంది పెడుతుంది. ఆ సంగతి కింద వివరంగా చెబుతాను.

నెల సంగతి. జూలై, ఆగస్టుల్లో ఎండ, జనం, అద్దె మూడూ ఎక్కువే. సాయంత్రం నాలుగు దాటితే మెరీనాలో, అంటే డబ్బు కట్టి పడవ కట్టుకునే రేవులో, చోటు దొరకదు. మన పిల్లల బడి సెలవుల్ని బట్టి చూస్తే మీకు రెండు అవకాశాలున్నాయి. ఒకటి మే ఆఖరు నుంచి జూన్ మొదటి వారం. పగలు హాయిగా ఉంటుంది, అద్దె తక్కువ, కానీ నీళ్లు ఇంకా చల్లగా 19 డిగ్రీల దగ్గరే ఉంటాయి. మైపాడు నీళ్లకు అలవాటుపడ్డ పిల్లలు దిగి ఐదు నిమిషాల్లో వణుకుతూ పైకొస్తారు. రెండోది దసరా సెలవులు సెప్టెంబరు ఆఖర్లో పడిన సంవత్సరం. వేసవంతా కాగిన నీళ్లు 22, 23 డిగ్రీలుంటాయి, జనం పలచబడతారు. కాకపోతే ఆ నెలలో ఆగ్నేయపు గాలి రెండు మూడు రోజులు పట్టుకునే అవకాశం జూన్‌లో కంటే ఎక్కువ. నన్నడిగితే సెప్టెంబరు మొదటి పదిహేను రోజులే అన్నిటికంటే మేలు. బడికి వారం సెలవు పెట్టగలిగితే అప్పుడు వెళ్లండి. దసరా అక్టోబరు రెండో వారం దాటి వస్తే ఆ ఏడు వద్దు.

ఇక గాలి. నాలుగు పేర్లు గుర్తుపెట్టుకోండి, వారమంతా మీ కెప్టెను నోట ఇవే వింటారు.

మాయెస్త్రాల్ అన్నది వాయవ్యం నుంచి వచ్చే మంచి వేసవి గాలి. మైపాడులో మధ్యాహ్నం నేల కాగాక సముద్రం మీంచి గాలి తిరుగుతుంది చూడండి, అదే సూత్రం. పది పదకొండు గంటలకు మొదలై, రెండు నుంచి నాలుగు మధ్య 15 నాట్ల (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు) దాకా పెరిగి, పొద్దు వాలగానే పడిపోతుంది. అందుకే తెరచాప ఎత్తడానికి సరైన వేళ మధ్యాహ్నం. పొద్దున్నే బయలుదేరితే ఇంజను మీద పోవాల్సిందే.

యూగో ఆగ్నేయపు గాలి. ఇది చెప్పి వస్తుంది. ఆకాశం మసకబారుతుంది, బారోమీటరు దిగుతుంది, గాలి రెండు మూడు రోజుల మీద పెరుగుతూ పోతుంది, అలలు పెద్దవవుతాయి, వాన పడుతుంది. కార్తీకంలో వాయుగుండం కట్టే ముందు సముద్రం ఎలా మారుతుందో ఎరిగినవాళ్లకు ఈ గుర్తులు అర్థమవుతాయి. చెప్పి వచ్చే గాలి కాబట్టి ముందురోజే ఉత్తరం వైపు రేవులోకి జరిగిపోవచ్చు.

బురా ఈశాన్యం నుంచి. ప్రమాదం దీంతోనే. లోపలి పీఠభూమి మీద పేరుకున్న చల్లగాలి కొండ కనుమల్లోంచి సముద్రంలోకి దొర్లిపడుతుంది. ఆకాశం నిర్మలంగా ఉంటుంది, చూపు బాగా ఆనుతుంది, అందుకే కొత్తవాళ్లు వాతావరణం బాగుందనుకుంటారు. గాలి సగటు 20 నాట్లుంటే విసురు 40 దాకా వస్తుంది. గుర్తు ఒకటే: స్ప్లిట్ వెనకున్న మొసోర్, మకార్స్కా వెనకున్న బియొకొవొ కొండల నెత్తిన తెల్లటి మబ్బు టోపీ పెట్టినట్టు కూర్చుంటే బురా దగ్గర్లో ఉంది. మామూలుగా అయితే గాలికీ మనకూ మధ్య కొండ ఉంటే చాటు దొరుకుతుంది. బురాకు ఆ లెక్క చెల్లదు. కొండ ఎక్కి దిగేటప్పుడు వేగం ఇంకా పెరుగుతుంది. బ్రాచ్, హ్వార్ దీవులకు దక్షిణపు పక్కన, ఎత్తైన కొండ కిందుగా లంగరు వేసుకుని చాటున ఉన్నామనుకున్న పడవలే అర్ధరాత్రి లంగరు ఈడ్చుకుపోయి రాళ్లెక్కుతాయి. బురా రాత్రి కావాల్సింది తగ్గు కొండలున్న, మెలిక తిరిగిన లోపలి రేవు, లేదా మెరీనా.

నాలుగోది నెవేరా. వేసవి సాయంత్రాల్లో పడమటి నుంచి వచ్చే ఉరుముల గాలివాన. అరగంటో గంటో ఉంటుంది, కానీ ఆ అరగంట 40 నాట్లు కొట్టొచ్చు. పడమట నల్లమబ్బు లేచి, ఉన్న గాలి ఒక్కసారి ఆగిపోతే ఆలోచించకుండా తెరచాపలు దించేయాలి.

క్రొయేషియా వాతావరణ సంస్థ అక్కడి ఏడ్రియాటిక్ సముద్రానికి వాతావరణ సూచన ఇంగ్లీషులో కూడా ఇస్తుంది. పొద్దునా సాయంత్రం రెండుసార్లు చూడండి. ఫోన్లో చూసే యాప్‌లు సగటు గాలి చూపిస్తాయి, బురా రోజుల్లో చూడాల్సింది విసురు అంకె. మీ పడవకు నియమం ఇలా పెట్టుకోండి: విసురు 25 నాట్లు దాటుతుందంటే ఆరోజు కదలడం లేదు.

పడవ ఎంచుకోవడం. ఒంటి అడుగు పడవ, అంటే మోనోహల్, గాలికి పక్కకు ఒరిగి నడుస్తుంది. దాని అందం దానిదే. కానీ 15, 20 డిగ్రీల వాలులో అరవై దాటినవాళ్లు కూర్చోలేరు, కిందికి దిగే మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉంటాయి. మీ బృందానికి జంట అడుగుల పడవే, కాటమరాన్ అంటారు, 40 నుంచి 42 అడుగులది సరిపోతుంది. ఆ పేరు మన తీరంలో దుంగలు జతచేసి కట్టే తెప్ప పేరులోంచే పోయింది, తమిళంలో కట్టుమరం. నాలుగు గదులు, ఒక్కోదాంట్లో ఇద్దరు. పెద్దగా ఒరగదు, వంటిల్లు పైనే ఉంటుంది, వెనక మెట్ల మీంచి పిల్లలు నేరుగా నీళ్లలోకి దిగొచ్చు. ఇబ్బందులు మూడు: అద్దె మోనోహల్‌కు ఒకటిన్నర నుంచి రెండింతలు, మెరీనాలో కట్టినందుకు కూడా దాదాపు అదే నిష్పత్తిలో ఎక్కువ, ఎదురుగాలికి సరిగా పోదు.

ఇక్కడ చాలామంది మరిచేది కెప్టెను పడక. ఎనిమిది మందికి నాలుగు గదులూ నిండితే తొమ్మిదో మనిషి ఎక్కడ పడుకుంటాడు? కొన్ని కాటమరాన్లకు ముందు కొసలో చిన్న పడక ఉంటుంది, బయటి నుంచి మూత తెరిచి దిగాలి. అది ఉందో లేదో బుకింగుకు ముందే అడగండి. లేకపోతే హాల్లో పడుకుంటాడు, పొద్దున ఆరింటికి కాఫీ పెట్టుకునే పెద్దవాళ్లకు అది ఇబ్బంది. పడవ పత్రాల్లో గరిష్ఠంగా ఎంతమంది అని ఉంటుంది. కెప్టెనూ ఆ లెక్కలోకే వస్తాడు, చంటిపిల్లలూ వస్తారు.

మనమే నడపొచ్చా అంటే, ఇప్పుడు కాదు. క్రొయేషియాలో పడవ నడిపేవారికి అక్కడి మంత్రిత్వశాఖ గుర్తించిన లైసెన్సు, దాంతోపాటు రేడియో వాడే సర్టిఫికెట్ ఉండాలి. ఐసీసీ అనే అంతర్జాతీయ పత్రం చెల్లుతుంది. ఇంకేది ఉన్నా దాని కాపీ కంపెనీకి పంపి, చెల్లుతుందని రాతలో తెప్పించుకున్నాకే అడ్వాన్సు కట్టండి. లైసెన్సు ఒక్కటే ఉంటే కూడా చాలదు. పక్కగాలిలో 40 అడుగుల పడవను వెనక్కి తోలి, రెండు పడవల మధ్య సందులో కట్టడం అనుభవం మీదే వస్తుంది. కెప్టెనును పెట్టుకోండి. రోజుకు 180 నుంచి 250 యూరోలు, తిండి మీదే. మీ బావగారికీ మీకూ నేర్చుకోవాలనే ఉంటే చెన్నైలో రాయల్ మద్రాస్ యాట్ క్లబ్, హైదరాబాదులో హుస్సేన్ సాగర్ మీది క్లబ్బులు ఉన్నాయి. చిన్న పడవ మీద నాలుగు రోజులు నేర్చుకుని వెళ్తే కెప్టెను మీకు చుక్కాని ధైర్యంగా ఇస్తాడు. కనీసం ఇంట్లో మూడు ముడులు చేతికి అలవాటు చేసుకోండి: జారని ఉచ్చు (బౌలైన్), రేవు కొక్కేనికి ఎనిమిది అంకెలా చుట్టే కట్టు, కటకటాకు ఫెండరు (పడవ గట్టుకు రాసుకోకుండా అడ్డుపెట్టే గాలి తిత్తి) వేలాడదీసే కట్టు. కళ్లు మూసుకుని వేయగలిగేదాకా చెయ్యండి.

తేదీలూ డబ్బూ. పడవలు శనివారం నుంచి శనివారానికే ఇస్తారు. ఆరు నుంచి తొమ్మిది నెలల ముందు బుక్ చేస్తే మంచి పడవలు దొరుకుతాయి. సగం అప్పుడు, మిగతా సగం బయలుదేరడానికి నెల ముందు కట్టడం మామూలు పద్ధతి. క్రొయేషియా 2023 జనవరి 1 నుంచి షెంగెన్‌లో ఉంది, డబ్బు కూడా యూరోనే. వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు. ఫీజు పెద్దలకు 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్లలోపు పిల్లలకు 45. కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. బస ఎక్కడ అన్న గడికి హోటల్ లేదు కదా అని కంగారుపడొద్దు. పడవ ఒప్పందం, అందరి పేర్లూ ఉన్న సిబ్బంది జాబితా, రేవు చిరునామా పెట్టండి, ముందూ వెనకా రాత్రులకు స్ప్లిట్‌లో గది బుకింగు జతచేయండి. ఒకరికి వీసా రాకపోతే డబ్బు ఎంత వెనక్కొస్తుందో ఒప్పందంలో చదవండి. చాలా రద్దు బీమాలు వీసా తిరస్కరణను లెక్కలోకి తీసుకోవు, ఆ వాక్యం వెతికి చూసుకోవాలి.

కాటమరాన్ అద్దె జూన్, సెప్టెంబరుల్లో సుమారు 3,500 నుంచి 6,000 యూరోలు. కెప్టెనుకు వారానికి 1,250 నుంచి 1,750. ఆఖరి శుభ్రం, దుప్పట్లు, కాగితాల ఖర్చు 250 నుంచి 400. మెరీనా రాత్రికి 150 కూడా దాటొచ్చు, లంగరు వేసిన రాత్రికి దాదాపు ఏమీ లేదు, అడుగుకు గొలుసుతో బిగించిన తేలే బోయాకు కడితే మధ్యస్థంగా. వారంలో రెండు రాత్రులు మెరీనా, రెండు బోయా, మిగతావి ఊరి రేవు అనుకుంటే 500 నుంచి 700. డీజిల్ 200. వంట సరుకులు, రెండు మూడు పూటలు హోటలు కలిపి వెయ్యి. మొత్తం సుమారు 6,700 నుంచి 10,000 మధ్య తేలుతుంది. యూరో వంద రూపాయల లెక్కన మనిషికి ఎనభై నాలుగు వేల నుంచి లక్షా పాతిక వేల దాకా, విమానం, వీసా కాకుండా. ఇది కాక డిపాజిట్ 3,000 నుంచి 5,000 యూరోలు కార్డు మీద ఆపుతారు. కెప్టెను ఉన్నా ఆ డిపాజిట్ మీదే. మన బ్యాంకు కార్డుల్లో విదేశీ వాడకం ముందుగా ఆపేసి ఉంటుంది, యాప్‌లో తెరిచి, పరిమితి పెంచుకుని వెళ్లండి. శనివారం సాయంత్రం రేవులో కార్డు పనిచేయకపోతే పడవ తాళాలు ఇవ్వరు, మన బ్యాంకు అప్పటికి మూసేసి ఉంటుంది.

చెన్నై నుంచి స్ప్లిట్‌కు నేరుగా విమానం లేదు, మధ్యలో ఒకటి రెండు చోట్ల మారాలి. ఒంగోలు వాళ్లు చెన్నై చేరడానికే ఆరు గంటలు. శుక్రవారానికే స్ప్లిట్ చేరేట్టు టికెట్టు తీసుకోండి. సామాను ఆగిపోతే ఒక రోజు చేతిలో ఉంటుంది. గట్టి సూట్‌కేసులు వద్దు, పడవలో వాటిని దాచే చోటు లేదు. మడిచి పెట్టే గుడ్డ సంచులే.

దారి ఇలా వేసుకోండి. శనివారం పడవ చేతికొచ్చేసరికి ఐదవుతుంది. పొద్దుపోయాక కొత్త పడవ, కొత్త మనుషులు కదలొద్దు, ఆ రాత్రి మెరీనాలోనే. ఆదివారం బ్రాచ్ దీవిలోని మిల్నాకు, స్ప్లిట్ నుంచి పది మైళ్లు. లోపలికి మెలిక తిరిగిన రేవు, చాలా గాలులకు చాటు. పిల్లలకు కదలిక అలవాటు కావడానికి ఆ దూరం సరిగ్గా సరిపోతుంది. సోమవారం షోల్తా, బ్రాచ్ దీవుల మధ్య సందులోంచి దాటి హ్వార్ ఎదురుగా ఉన్న పాక్లెనీ చిన్న దీవులకు, పదిహేను మైళ్లు. అక్కడ పల్మిజానా మెరీనాలో కట్టి, హ్వార్ పట్టణానికి నీటి టాక్సీలో వెళ్లి రండి. హ్వార్ పట్టణపు రేవులోనే కట్టాలని పట్టుబట్టొద్దు. చోటు ఉండదు, పడవల అలలకు రాత్రంతా ఊగుతుంది. మంగళవారం విస్‌కు, పదమూడు మైళ్లు. ఇది యుగోస్లావియా సైన్యపు స్థావరంగా 1989 దాకా విదేశీయులకు మూసి ఉంచిన దీవి. పెద్ద హోటళ్లు కట్టకుండా మిగిలిపోవడానికి అదే కారణం, వారం మొత్తంలో నాకు నచ్చే రేవు అదే. కానీ రేవు నోరు ఈశాన్యానికి తెరుచుకుని ఉంది, బురా సూచన ఉంటే అక్కడ పడుకోవద్దు.

బుధవారం విస్ చుట్టి కొమీజాకు. పక్కనున్న బీషెవో దీవిలో నీలి గుహ ఉంది. నీటి కింది కంతలోంచి ఎండ లోపలికి వచ్చి గుహంతా నీలంగా వెలుగుతుంది. పదకొండు, పన్నెండు గంటల మధ్య చూడాలి. పెద్ద పడవ లోపలికి పోదు, అక్కడి చిన్న పడవల్లో టికెట్టు కొని తలవంచుకుని వెళ్లాలి, లోపల ఈత నిషేధం. దక్షిణపు అల ఉన్న రోజు మూసేస్తారు. గుహ బయట లోతెక్కువ, లంగరు వేసి అందరూ దిగిపోయే చోటు కాదది. పడవ కొమీజాలో కట్టి, అక్కడి నుంచి తిప్పే పడవ ఎక్కడమే తేలిక. కొమీజా పడమటికి తెరుచుకుని ఉంటుంది, పడమటి గాలి సూచన ఉంటే మళ్లీ విస్ పట్టణానికే వెనక్కి రండి.

గురువారం హ్వార్ ఉత్తరాన స్తారి గ్రాద్. ఇది పొడవైన రోజు, పాతిక మైళ్లు దాటుతుంది, మధ్యాహ్నపు మాయెస్త్రాల్ పక్కగా దొరికితే వారంలో బాగా తెరచాప నడిచే రోజు కూడా ఇదే. క్రీస్తుపూర్వం 384లో గ్రీకులు కట్టిన ఊరు, వాళ్లు రాతి గోడలతో విడదీసిన పొలాలు ఇంకా అలాగే సాగులో ఉన్నాయి. పెద్దవాళ్లు నడవడానికి చదునైన నేల. యూగో పట్టుకుంటే దక్షిణపు రోజులన్నీ కొట్టేసి మిల్నా, స్తారి గ్రాద్, షోల్తా మధ్యే తిరగండి. విస్ చూడలేదన్న బాధ ఉంటుంది, కానీ విస్‌లో ఇరుక్కుని శుక్రవారానికి రాలేకపోతే ఆలస్యపు జరిమానా ఒప్పందంలో గట్టిగానే రాసి ఉంటుంది.

లంగరు గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే కెప్టెను ఉన్నా ముందు నిలబడి గొలుసు దించేది మీలో ఒకరే. లోతుకు కనీసం ఐదింతలు గొలుసు వదలాలి. ఎనిమిది మీటర్ల లోతుకు నలభై మీటర్లు. అద్దె పడవల్లో గొలుసు 50 నుంచి 60 మీటర్లే ఉంటుంది, అంటే పది మీటర్ల కంటే లోతైన చోట రాత్రి లంగరు వేయడం కుదరదు. గొలుసు తక్కువైతే అది లంగరును పైకి లాగుతుంది, అడుగున పడుకోనివ్వదు, పట్టు ఊడిపోయేది అందుకే. నీళ్లలోకి చూస్తే లేతరంగు మచ్చలు ఇసుక, ముదురు మచ్చలు గడ్డి. గడ్డి మీద లంగరు పట్టదు, ఆ సముద్రపు గడ్డిని పెకిలించడం తప్పు కూడా. ఇసుక మచ్చ మీద దించి, పడవ వెనక్కి జారుతుంటే గొలుసు వదులుతూ, అంతా దిగాక ఇంజను మెల్లగా వెనక్కి వేసి, తర్వాత 1,500 తిప్పుళ్ల దాకా పెంచి నిమిషం ఆపాలి. ఒడ్డున ఒక చెట్టూ దాని వెనక ఒక ఇల్లూ వరుసలో చూసుకోండి. ఆ వరుస చెదిరితే లంగరు జారుతోందని. అద్దాలు పెట్టుకుని ఈది వెళ్లి లంగరు పాతుకుందో లేదో చూడటం అన్నిటికంటే నమ్మకం. గొలుసు చుట్టే మోటారు వాడేటప్పుడు ఇంజను నడుస్తూ ఉండాలి, లేకపోతే బ్యాటరీ దిగి ఫ్యూజు కొట్టేస్తుంది. గొలుసు దగ్గర చెప్పుల్లేని కాలు పెట్టొద్దు. పిల్లల్ని ఆ వైపుకే రానివ్వొద్దు.

మెరీనాలో పడవ వీపు గట్టుకు ఆనించి కడతారు. ముందు వైపు పట్టుకోవడానికి అడుగున కట్టిన తాడు ఒకటి గట్టు మీంచి అందిస్తారు. దాన్ని కొక్కెంతో పైకెత్తి ముందుకు నడిచి బిగించాలి. అది వదులుగా నీళ్లలో ఉండగా ఇంజను వేస్తే ఫ్యానుకు చుట్టుకుంటుంది. అప్పుడు డైవరును పిలవాలి, బిల్లు మీకే. ఆ తాడుకు నత్తగుల్లలు పట్టి ఉంటాయి, చేతులు కోసుకుపోతాయి, తోటపనికి వాడే రబ్బరు గ్లౌజులు రెండు జతలు తీసుకెళ్లండి. పడవ గట్టుకు తగలబోతుంటే చేత్తోనో కాలితోనో ఆపాలని చూడొద్దు, పది టన్నుల బరువది. ఫెండరు అడ్డం పెట్టండి.

తిండి. ఐరోపా సమాఖ్య బయటి నుంచి మాంసం, పాల పదార్థాలు తేవడం నిషేధం. కాబట్టి నెయ్యి, పాలపొడి, కోవా పెట్టెలో పెట్టొద్దు. మన నెల్లూరు మలై కాజా కూడా పాలదే, ఇంట్లోనే తినేసి బయలుదేరండి. పచ్చి కరివేపాకుకు మొక్కల ఆరోగ్య పత్రం కావాలి, అదీ కుదరదు, పొడి చేసుకుని తీసుకెళ్లండి. ఆవకాయ, గోంగూర, చింతపండు, కారప్పొడి, కందిపొడి, ఉప్మా రవ్వ పర్లేదు. ఊరగాయ సీసా వద్దు, పడవ ఊగితే పగిలి నూనె చెక్క నేల మీద పడితే మరక పోదు, జారి పడతారు. మూత బిగిసే ప్లాస్టిక్ డబ్బా, దాని మీద కవరు.

పొయ్యి గ్యాసుదే, రెండు మూడు బర్నర్లు, చిన్న సిలిండర్లు రెండు. మూడు లీటర్ల కుక్కరు సరిగ్గా కూర్చుంటుంది, ఐదు లీటర్లదైతే రెండో బర్నరు మూసేస్తుంది. 230 వోల్టుల కరెంటు మెరీనాలో తీగ తగిలిస్తేనే, లంగరు మీద మిక్సీ తిరగదు. అల్లం వెల్లుల్లి ముద్ద, పిండి రుబ్బడం లాంటివి మెరీనా రాత్రుల్లో చేసుకోండి. చేపల పులుసు తినకుండా ఉండలేమంటే స్ప్లిట్ చేపల బజారులో పొద్దున్నే సార్డిన్లూ కానాగంతల్లాంటి చేపలూ దొరుకుతాయి. పులుసుకు అవి బాగుంటాయి. గాలం వేయాలంటే అనుమతి పత్రం కొనాలి, ఊరికే వేస్తే జరిమానా. వంటైన ప్రతిసారీ గ్యాసు సిలిండరు దగ్గరే మూసేయాలి. గ్యాసు గాలి కంటే బరువు, కారితే పడవ అడుగున నిలిచిపోతుంది, బయటికి పోయే దారి ఉండదు.

నీళ్లు పడవలో 500 నుంచి 600 లీటర్లుంటాయి. ఇంట్లోలా చెంబులతో స్నానం చేస్తే తొమ్మిది మందికి రెండు రోజుల్లో అయిపోతాయి. సముద్రంలో ఈదాక వెనక మెట్ల మీది షవరుతో అర నిమిషం కడుక్కుంటే నాలుగు రోజులొస్తాయి. తాగేది సీసాల్లో కొనుక్కోండి. మరుగుదొడ్డిలోకి కాగితం కూడా వేయకూడదు, గొట్టం బొటనవేలి కంటే కాస్త లావు అంతే. మనవాళ్లకు నీళ్లే అలవాటు కాబట్టి ఈ విషయంలో మనకు సులువు. తడి టిష్యూ ఒక్కటి పడితే చాలు, విప్పి కడగాల్సిందే.

వాంతుల సంగతి ముందే చూసుకోవాలి. మాత్ర ఏదైనా మొదలయ్యాక వేస్తే నిలవదు, బయలుదేరడానికి రెండు గంటల ముందే వేసుకోవాలి. పెద్దవాళ్లకు బీపీ, షుగరు మందులతో పడుతుందో లేదో నెల్లూరులోనే డాక్టరును అడగండి. కడుపులో తిప్పినట్టుంటే లోపలికి వెళ్లి పడుకోవద్దు, వెనక కూర్చుని దూరపు గీత చూడాలి, చుక్కాని చేతికిస్తే ఇంకా త్వరగా తగ్గుతుంది. పిల్లల కొలత లైఫ్ జాకెట్లు పడవతో రావు, బరువు రాసి ముందే చెప్పి తెప్పించుకోండి. కదిలే పడవలో పిల్లలు పైకి వస్తే జాకెట్టుతోనే రావాలి. చీర చెంగు, చున్నీ, విరబోసిన జుట్టు తాడు చుట్టే విన్చి దగ్గరికి రాకూడదు. రాళ్ల మధ్య దిగేచోట ముళ్ల సముద్రపు ఉర్చిన్లు ఉంటాయి, రబ్బరు చెప్పులు వేసుకునే దిగాలి. ఆపదలో రేడియోలో 16వ చానెల్, ఫోన్లో 195. ఈ రెండు అంకెలూ కెప్టెనుకు తప్ప ఇంకెవరికీ తెలియని పడవలుంటాయి, మీది అలా కాకుండా చూసుకోండి. రేడియో మీట ఎలా నొక్కాలో పెద్దవాళ్లతో సహా అందరికీ శనివారమే చూపించమనండి.

శనివారం పడవ తీసుకునేటప్పుడు అలసిపోయి ఉంటారు, సంతకం పెట్టేద్దామనిపిస్తుంది. గంటన్నర పెట్టండి. పడవ చుట్టూ, అడుగున గీతలతో సహా వీడియో తీయండి. తెరచాపలు పూర్తిగా విప్పించి చిరుగులు చూడండి. గొలుసు ఎన్ని మీటర్లు, గుర్తులు ఎక్కడ ఉన్నాయి అడగండి. రబ్బరు పడవ మోటారు అక్కడే స్టార్ట్ చేయించండి, ఎక్కువగా మొరాయించేది అదే. ప్రతి మరుగుదొడ్డీ ఒకసారి వాడి చూడండి, ఫ్రిజ్ చల్లబడుతోందో లేదో చెయ్యి పెట్టి చూడండి, డీజిల్ ముల్లు నిండుగా ఉందో చూసి ఫొటో తీయండి. లోపం ఏది కనిపించినా కాగితం మీద రాయించాకే సంతకం.

శుక్రవారం మళ్లీ డీజిల్ నిండా పోయించి అప్పగించాలి. మధ్యాహ్నం మూడు దాటితే స్ప్లిట్ దగ్గరి బంకుల్లో ఒడ్డు మీద బస్సుల్లా పడవలు వరుస కడతాయి, రెండు మూడు గంటలు ఇంజను మీద తిరుగుతూ నిలబడాలి. గురువారం రాత్రి స్తారి గ్రాద్‌లో పడుకుని, శుక్రవారం ఆరింటికే బయలుదేరితే పదకొండుకల్లా బంకు దగ్గరుంటారు. రసీదు దాచండి, డైవరు అడుగు చూసి సరేనన్నాక డిపాజిట్ వదిలినట్టు కాగితం అక్కడే తీసుకోండి. శనివారం పొద్దున తొమ్మిదికల్లా పడవ ఖాళీ చేయాలి, విమానం మధ్యాహ్నం తర్వాత ఉండేట్టు చూసుకోండి.